ఆశమ్మ నిబ్బరం ఎవరి పూచీ?

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో ఒక షరతు ఉండేది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు సర్పంచిగా కానీ, వార్డు మెంబరుగా కానీ పోటీ చేయడానికి వీల్లేదు. ముప్పై ఏళ్లు నిలిచిన ఆ షరతును 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎత్తివేసింది. మునిసిపాలిటీలకూ అదే నిర్ణయం వర్తించింది. చిన్న కుటుంబం గొప్పతనాన్ని ఊరూరా గోడల మీద రాయించిన యంత్రాంగానికి ఇప్పుడు పిల్లలు తగ్గిపోతున్నారన్న బెంగ పట్టుకుంది. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఎక్కువమందిని కనమని సభల్లోనే చెబుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలని తేలింది కాబట్టి ఆ బెంగకు ఆధారం లేకపోలేదు.

కానీ ఆ మాటను మోసుకుని గుమ్మం ముందుకు వెళ్లవలసింది ఏఎన్‌ఎం, ఆమె వెంట ఆశా కార్యకర్త. అదే సర్వే ప్రకారం రాష్ట్రంలో పెళ్లయి, పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీలలో 70 శాతానికి దగ్గరగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. వాళ్లలో ఎంతోమందిని ఒప్పించి, ఆసుపత్రికి తోడు వెళ్లి, మళ్లీ ఇంటికి తెచ్చి దింపింది ఈ మనుషులే. అత్తకు ఇద్దరు చాలని చెప్పిన నోటితో ఇప్పుడు కోడలికి ఏం చెప్పాలి? అత్త కూడా పక్కనే చాప మీద కూర్చుని వింటూ ఉంటుందాయె.

ఈ స్మారకోపన్యాసం ఏ ఒక్క పెద్దమనిషి పేరునా జరుగుతున్నది కాదు. కోవిడ్ రోజుల్లో ఇల్లిల్లూ తిరిగే పనిలో ఉండి ప్రాణాలు పోగొట్టుకున్న ఆశాలను, ఏఎన్‌ఎంలను, హెల్త్ సూపర్‌వైజర్లను తలుచుకోవడానికి ఏర్పాటైనది. 2020 మార్చి 22 సాయంత్రం వైద్య సిబ్బంది కోసమని దేశమంతా చప్పట్లు కొట్టింది, పళ్లాలు మోగించింది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలోని ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ప్రకటించింది. పొగడ్తలకు లోటు జరగలేదు. కాబట్టి ఇక్కడ పొగడ్త పక్కనపెట్టి, ఇంకా ఆ పనిలో ఉన్నవాళ్ల నిబ్బరం గురించి మాట్లాడుకోవడం మేలు. పైనుంచి వచ్చే ఆజ్ఞ కొన్నేళ్లకోసారి దిశ మార్చుకుంటున్నా, ఊళ్లో తన మాటకు విలువ పోకుండా, తాను కూలిపోకుండా ఈ మనిషి నిలబడాలంటే ఏం కావాలి?

శిక్షణ తరగతుల్లో దీనికి జవాబు తయారుగా ఉంటుంది. కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టండి, పనుల జాబితా రాసుకోండి, మంచినే తలచుకోండి. శ్వాస మీద ధ్యాసలో తప్పేమీ లేదు. అయితే పనివల్ల మనిషి లోపల్లోపలే ఎండిపోయే స్థితిని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో పేర్కొన్నప్పుడు, దాన్ని జబ్బుల కింద వేయలేదు; ఉద్యోగ పరిస్థితుల నుంచి పుట్టే సమస్యగా రాసింది. అమెరికాలో క్రిస్టినా మాస్లాక్ దాన్ని కొలిచే పద్ధతిని 1981లోనే ప్రకటించారు. అంతకు రెండేళ్ల ముందు రాబర్ట్ కారసెక్ ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లను చూసి ఒక సంగతి చెప్పారు. పని బరువు ఒక్కటే మనిషిని కుంగదీయదు. బరువు పెరిగి, ఆ పనిని ఎలా చేయాలో తానే నిర్ణయించుకునే వీలు తగ్గినప్పుడు కుంగదీస్తుంది.

ఆరోగ్య బోధకుల విషయంలో దీనికి ఇంకొకటి కలపాలి. డాక్టరు దగ్గర మందు ఉంటుంది, తహసీల్దారు దగ్గర సంతకం ఉంటుంది. వీళ్ల దగ్గర ఉన్నది మాట. ఊరు ఆ మాటను నమ్మినంతకాలం ఎండనక వాననక తిరుగుతారు. ఆ నమ్మకాన్ని ఎవరో వచ్చి ఇంకో పనికి ఖర్చు పెట్టేసినప్పుడు మాత్రం తట్టుకోలేరు. దేశంలో ఆరోగ్య బోధన ఒక ఉద్యోగంగా మొదలైన నాటినుంచీ జరిగిన కథను ఈ వైపు నుంచి చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి.

1946లో భోర్ కమిటీ ఆరోగ్య విద్యకు ప్రభుత్వంలో ఒక స్థానం ఉండాలంది. 1956లో ఢిల్లీలో కేంద్ర ఆరోగ్య విద్యా బ్యూరో వెలిసింది. 1960లలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం క్లినిక్ గది దాటి ఊళ్లలోకి రావాలనుకున్నప్పుడు బ్లాక్ ఎక్స్‌టెన్షన్ ఎడ్యుకేటర్లు వచ్చారు. తమిళనాడులో గాంధీగ్రామ్ వంటి చోట వాళ్లకు శిక్షణ దొరికేది. తలకిందులుగా నిలబెట్టిన ఎర్ర త్రికోణం, ఫ్లాష్ కార్డులు, ఊరి మధ్య తెర కట్టి వేసే సినిమా, మధ్యమధ్య ఒక బుర్రకథ దళం. అప్పటి ఎక్స్‌టెన్షన్ ఎడ్యుకేటరు పని స్పష్టంగా ఉండేది: చెప్పడం, చూపించడం, ప్రశ్నలకు జవాబివ్వడం. తెలుగు జిల్లాల్లో ‘డెమో’ అనే పిలుపుతో స్థిరపడిన జిల్లా ఎక్స్‌టెన్షన్ అండ్ మీడియా ఆఫీసరు పోస్టు ఆ సంప్రదాయం నుంచి మిగిలినదే.

వాళ్లతో పాటు మరో జాతి ఉద్యోగులు తిరిగేవారు. మలేరియా ఆయన పక్షానికోసారి వచ్చి, జ్వరాలు ఎవరికున్నాయో అడిగి, వేలి చివర సూదితో గుచ్చి నెత్తురు చుక్క గాజుపలక మీద తీసుకుని, గోడ మీద తేదీ వేసి పోయేవాడు. మశూచి టీకాల ఆయన వేరు, కుష్టు ఆయన వేరు, ట్రకోమా ఆయన వేరు. ఒక్కొక్కరిదీ ఒక్కో జబ్బు. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వీళ్లను కలిపేసి, ప్రతి సబ్‌సెంటర్‌కూ ఒక మగ, ఒక ఆడ బహుళార్థ కార్యకర్తలు చాలంది. ఆలోచన సబబైనదే. ఇల్లొకటి, జబ్బులు నాలుగు అయినప్పుడు నలుగురు మనుషులు ఎందుకు? కానీ ఇరవై ఏళ్లు మలేరియా తప్ప మరోమాట ఎత్తని మనిషి, మరుసటి నెలనుంచి అదే గుమ్మంలో నిలబడి భార్యాభర్తల మధ్య సంగతులు మాట్లాడాలి. దానికి ఇచ్చిన శిక్షణ వారాల లెక్క. ఆ సర్దుబాటు కుదుటపడేలోపే ఎమర్జెన్సీ వచ్చింది.

1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 82 లక్షలకు పైగా స్టెరిలైజేషన్లు జరిగాయి. అందులో నాలుగింట మూడొంతులు మగవాళ్లకు చేసిన వేసెక్టమీలు. ఆరోగ్య కార్యకర్తలకే కాక బడిపంతుళ్లకూ, రెవెన్యూ సిబ్బందికీ ‘కేసులు’ తెమ్మని టార్గెట్లు పడ్డాయి. కేసు తేకపోతే జీతం ఆగేది, బదిలీ అయ్యేది. తర్వాత షా కమిషన్ ఈ దౌర్జన్యాలను రికార్డు చేసింది. 1977లో ప్రభుత్వం పడిపోయింది. కార్యక్రమం పేరు కుటుంబ సంక్షేమంగా మారింది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో అంతగా కనిపించనిది ఆ టార్గెట్లు మోసిన ఉద్యోగి సంగతి. జ్వరం వస్తే కబురు పెట్టే ఊరు అతన్ని చూసి తలుపులు వేసుకుంది, మగవాళ్లు చేలల్లోకి పరుగెత్తారు. ఆపరేషన్ తెమ్మని ఆజ్ఞ ఇచ్చిన అధికారి జిల్లా కేంద్రంలో ఉన్నాడు. ఊళ్లో ముఖం చూపించవలసింది మాత్రం ఇతను. వేసెక్టమీ ఆ దెబ్బ నుంచి నేటికీ కోలుకోలేదు. 2019-21 సర్వేలో దేశవ్యాప్తంగా దాని వాటా 0.3 శాతం. మగ బహుళార్థ కార్యకర్త పోస్టు కూడా చాలా రాష్ట్రాల్లో క్రమంగా ఖాళీ అవుతూ వచ్చింది.

అలా ఖర్చయిపోయిన నమ్మకం లెక్క అంతటితో తీరిపోయిందా అంటే, లేదు. పాతికేళ్ల తర్వాత పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పల్స్ పోలియో బృందాలు వెళ్లినప్పుడు కొన్ని వాడల్లో తలుపులు తెరుచుకోలేదు. ఆ చుక్కలు వేస్తే పిల్లలకు ముందుముందు సంతానం కలగదన్న పుకారు బలంగా నాటుకుంది. ఎక్కడినుంచి పుట్టింది ఆ అనుమానం? 1976 చూసిన తాతలు ఆ ఇళ్లల్లో ఇంకా బతికే ఉన్నారు. సర్కారు మనిషి ఇంటికి వచ్చి ఉచితంగా ఏదైనా ఇస్తానంటే వాళ్లకు గుర్తొచ్చేది ఆ ఏడాదే. పోలియో కార్యకర్త ఎన్నడూ చేయని పాపానికి జవాబు చెప్పవలసి వచ్చింది.

ఇక్కడ ఆ కార్యక్రమం చేసిన పని చెప్పుకోదగినది. యూనిసెఫ్ అండతో ఏర్పడిన సోషల్ మొబిలైజేషన్ నెట్‌వర్క్‌లో ఆయా వాడల స్త్రీలనే నియమించారు. మసీదుల్లోంచి ఇమాములు ప్రకటనలు చేశారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా తోడు నిలిచాయి. అంతకన్నా ముఖ్యమైనది, ఆ స్త్రీలు పైకి తీసుకువెళ్లిన ఫిర్యాదును పైవాళ్లు విన్నారు. “మా ఊరికి నీళ్లు లేవు, కాలువ లేదు, బిడ్డకు విరేచనాలైతే మందు లేదు, నెలనెలా ఈ చుక్కలు ఒక్కటే పట్టుకొస్తారేం?” అన్నది ఆ ఫిర్యాదు సారాంశం. 2009లో ఉత్తరప్రదేశ్‌లో 66, బిహార్‌లో 41 బ్లాకులు ఎంచుకుని చుక్కలతో పాటు ఓఆర్‌ఎస్, జింకు, చేతులు కడుక్కోవడం, తల్లిపాలు, పారిశుద్ధ్యం కలిపి ఒక ప్రణాళిక మొదలుపెట్టారు. ఆ ఏడాది దేశంలో 741 పోలియో కేసులు. 2010లో 42. చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో. రెండు రకాల వైరస్‌ల మీద పనిచేసే కొత్త టీకా 2010లో రావడం కూడా ఈ మలుపుకు పెద్ద కారణమే, దాన్ని తక్కువచేయనక్కరలేదు. కానీ తలుపు తెరవకపోతే ఏ టీకా అయినా ఐస్ పెట్టెలోనే ఉండిపోతుంది. ఊరు అడిగినది కూడా చేతికి అందిన తర్వాత ఆ స్త్రీలు మళ్లీ ధైర్యంగా తలుపు తట్టగలిగారు.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల దగ్గర చిన్న మోతాదులో కనిపించినది ఇదే. ముసలావిడకు అక్కడికక్కడే కళ్లద్దాలు పెట్టించిన ఆశమ్మ, తర్వాత బీపీ గురించి ఏం చెప్పినా ఆ ఇంట్లో చెల్లుతుంది.

పాఠం అందరూ నేర్చుకున్నారా అంటే నమ్మకంగా చెప్పలేం. 1996 ఏప్రిల్‌లో కుటుంబ నియంత్రణ టార్గెట్లను దేశమంతటా అధికారికంగా ఎత్తేశారు. అయినా 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే క్యాంపులో, కొన్ని గంటల్లో, ఒకే సర్జన్ 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశాడు. 13 మంది చనిపోయారు. టార్గెట్లు లేనిచోట అంత తొందర ఎందుకో ఎవరికి వాళ్లు ఊహించుకోవచ్చు. అటువంటి క్యాంపులకు ఆడవాళ్లను తోడుండి తీసుకువచ్చేది ఊరి ఆరోగ్య కార్యకర్తలే. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లలో క్యాంపు పద్ధతి మానేయాలని ఆదేశించింది. ఊరికి తిరిగి వెళ్లిన కార్యకర్తలకు ఎవరు ఏం చెప్పి ధైర్యమిచ్చారన్నది మాత్రం తీర్పుల్లో దొరికే విషయం కాదు.

బలవంతం ఏమీ లేకుండా, శాస్త్రం ముందుకు నడిచినందువల్లే మాట మార్చుకోవలసి వచ్చే సందర్భాలు వేరు. అవి ఇంకా ఎక్కువ, ఇకముందు ఇంకా పెరుగుతాయి.

కుష్టు సంగతి తీసుకుందాం. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో రాజా నర్సాగౌడ్ విరాళంతో, ఇసబెల్ కెర్ చొరవతో 1915లో విక్టోరియా ఆసుపత్రి మొదలైంది. నవలాకారుడు డాక్టర్ కేశవరెడ్డి కుష్టు వైద్యుడిగా పనిచేసింది అక్కడే. ఒకప్పుడు కుష్టు కార్యకర్త మాట ఏళ్ల తరబడి మింగవలసిన డాప్సోన్ బిళ్లల చుట్టూ తిరిగేది. 1983 నుంచి బహుళ ఔషధ చికిత్స వచ్చింది. ఇప్పుడు ఆరునెలల నుంచి ఏడాది లోపు కోర్సు ముగుస్తుంది. 2005 డిసెంబరు నాటికి పదివేల మందికి ఒకరికన్నా తక్కువ స్థాయికి దిగిందని, ప్రజారోగ్య సమస్యగా కుష్టు పోయిందని దేశం ప్రకటించుకుంది. ప్రత్యేక సిబ్బంది సాధారణ ఆరోగ్య శాఖలో కలిసిపోయారు. స్పర్శ లేని మచ్చను దూరం నుంచే పసిగట్టే కళ్లున్న మనిషి ఇప్పుడు పది జబ్బుల్లో ఒకదానికి కాగితాలు నింపే మనిషి. అయినా ఏడాదికి దాదాపు లక్ష కొత్త కేసులు దేశంలో ఇప్పటికీ బయటపడుతూనే ఉన్నాయి. నైపుణ్యం ఉన్నవాళ్లు రిటైరై వెళ్లిపోతుంటే, ఆ చూపును కొత్తవాళ్లకు నేర్పే ఏర్పాటు మాత్రం పలచబడింది. మనిషికి తన పనితనం పనికిరాకుండా పోయిందని అనిపించడం కన్నా కుంగదీసేది మరొకటి ఉండదు.

హెచ్‌ఐవీ కౌన్సెలర్ల కథ ఇంకా వేగంగా నడిచింది. 2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల ముందువరుసలో ఉండేది. తొలినాళ్ల పోస్టర్లలో పుర్రెలు, ఎముకలు ఉండేవి. భయపెడితే జాగ్రత్త పడతారన్నది అప్పటి నమ్మకం. 2004 ఏప్రిల్ నుంచి ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలైనప్పుడు, మొదటి విడతలోనే ఆంధ్రప్రదేశ్ ఉంది. నిన్నటిదాకా చావు గురించి మాట్లాడిన గదిలోనే కౌన్సెలరు బతుకు గురించి మాట్లాడాలి. రక్తంలో సీడీ4 కణాల సంఖ్య ఒక స్థాయికి పడిపోయేదాకా మందు మొదలుపెట్టనక్కరలేదని కొన్నేళ్లు చెప్పారు. ఆ స్థాయి అంచెలంచెలుగా మారింది. 2017 నుంచి పరీక్షలో తేలిన వెంటనే మందు మొదలుపెట్టాలన్నారు. “అప్పుడు వద్దన్నావు కదమ్మా, ఆ మూడేళ్లూ నా ఒళ్లు పాడైపోయిందా?” అని పేషెంటు అడిగితే, ఆ కుర్చీలో కూర్చున్న మనిషి దగ్గర నిజాయితీగా చెప్పగల జవాబు ఉండాలి. అప్పటికి తెలిసింది అంతే, ఇప్పుడు ఇంకా తెలిసింది అని చెప్పగలగాలంటే కౌన్సెలరుకు మార్పు వెనకున్న కారణం తెలియాలి. పైనుంచి వచ్చే సర్క్యులర్లో కారణం ఉండదు. తేదీ, మోతాదు, సంతకం ఉంటాయి.

కోవిడ్‌లో ఏళ్లు పట్టే మార్పులు నెలల్లో జరిగిపోయాయి. 2021 జనవరి 16న టీకా మొదలైనప్పుడు కోవిషీల్డ్ రెండో డోసు నాలుగు వారాలకు అన్నారు. మార్చిలో ఆరు నుంచి ఎనిమిది వారాలన్నారు. మే 13న పన్నెండు నుంచి పదహారు వారాలన్నారు. మొదటి ప్రకటనను నమ్మి సబ్‌సెంటర్ ముందు లైను కట్టిన జనానికి, డోసులు చాలక వాయిదా వేస్తున్నారా, నిజంగానే ఎడం పెరిగితే మేలా అన్న అనుమానం రావడం సహజం. దూరం పెరిగితే రక్షణ మెరుగన్న ఆధారాలు బ్రిటన్ నుంచి అప్పటికే ఉన్నాయి, డోసుల కొరతా ఉంది, రెండూ నిజమే. ఈ రెండు నిజాలనూ కలిపి చెప్పే ఒక్క పేజీ తెలుగు కాగితం సమయానికి చేతిలో ఉంటే ఎన్నో తగాదాలు తప్పేవి. చాలాచోట్ల ఆ కాగితం కన్నా ముందు వాట్సాప్ పుకార్లు చేరాయి. జనం తిట్టినది ఢిల్లీని కాదు, మాస్కు కట్టుకుని ఎదురుగా నిలబడ్డ ఆశమ్మను.

ఇక ఫోన్ల గురించి. ఏఎన్‌ఎంల చేతికి టాబ్లెట్ ఇచ్చి ‘అన్మోల్’ అనే యాప్‌ను దేశంలో ముందుగా వాడుకలోకి తెచ్చింది ఆంధ్రప్రదేశ్‌లోనే, 2016లో. రిజిస్టర్లు పోయి టాబ్లెట్ వస్తుందనుకున్నారు. రిజిస్టర్లు ఉన్నాయి, టాబ్లెట్ వచ్చింది. తర్వాత క్షయకు నిక్షయ్, టీకాలకు యూ-విన్, ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగరు, క్యాన్సర్ల స్క్రీనింగ్‌కు ఎన్‌సీడీ యాప్, వీటన్నిటి మీదా ఆభా ఆరోగ్య ఖాతా నంబర్లు. సమాచారం అవసరం లేదని ఎవరూ అనరు. బీపీ పేషెంటు నెలనెలా మందు తీసుకుంటున్నాడో లేదో యాప్ చూపిస్తే అది బోధకురాలికే బలం. కానీ సిగ్నల్ లేని తండాలో, ఓటీపీ రాని ముసలాయన ఎదుట, ఆమె చూపు స్క్రీన్ మీదే ఉంటే సంభాషణ సాగదు. పొగాకు నములుతారా, మద్యం తాగుతారా, నడుము కొలత ఎంత అని వరసగా ప్రశ్నలు అడిగి, స్కోరు నాలుగు దాటిందని నమోదు చేసి లేచిపోతే, ఆయన పొగాకు ఎందుకు మానలేకపోతున్నాడో చెప్పుకునే వ్యవధి ఏది? సాయంత్రం మీటింగ్‌లో అడిగేది ఎన్ని ఎంట్రీలు అయ్యాయని. ఎంతమంది విన్నారని అడిగే గడి ఏ యాప్‌లోనూ లేదు.

డబ్బుల లెక్క కూడా ఇదే దారిలో ఉంది. నవజాత శిశువు ఉన్న ఇంటికి 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లి చూసినందుకు ఆశాకు 250 రూపాయలు. ఈ కార్యక్రమానికి మూలం మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల పని; గ్రామస్త్రీలు ఇంటి దగ్గరే చూసుకోవడంతో శిశుమరణాలు బాగా తగ్గినట్టు 1999లో లాన్సెట్ పత్రికలో వాళ్లు చూపించారు. కాన్పుకు తోడు వెళ్తే ఇంత, టీకాలన్నీ పూర్తయితే ఇంత అని ఆశా ఆదాయంలో పెద్ద భాగాన్ని 2005లో పథకం పెట్టినప్పుడే పూర్తయిన పనులకు ముడిపెట్టారు. ఒప్పుకోని అత్తగారితో మూడు మధ్యాహ్నాలు కూర్చుని మాట్లాడితే మాత్రం దమ్మిడీ రాదు. అసలు ఆరోగ్య బోధన అంటే ఆ మూడు మధ్యాహ్నాలే.

అందుకే ఆశాలు రోడ్డెక్కడాన్ని వాళ్ల నిబ్బరం చెదిరిన లక్షణంగా చూడడం పొరపాటు. 2015లో తెలంగాణ ఆశాలు మూడు నెలలకు పైగా సమ్మె చేశారు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు నెలకు 6,000 రూపాయలు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 10,000 అయింది. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆశాలకు 180 రోజుల వేతన ప్రసూతి సెలవు, 62 ఏళ్ల రిటైర్మెంటు వయసు, గ్రాట్యుటీ ప్రకటించింది. దాదాపు ఇరవై ఏళ్లపాటు ఊళ్లో గర్భిణులందరికీ విశ్రాంతి తీసుకొమ్మని చెప్పిన మనిషికి తన కాన్పు నాడు సెలవు లేదన్నమాట. సంఘంగా కూడి తమ కష్టం తాము చెప్పుకున్న ఆడవాళ్లు ఊళ్లోకి వెళ్లినప్పుడు మాటలోనూ ఆ గట్టితనం కనిపిస్తుంది.

అయితే డబ్బు ఒక్కటే సరిపోదని చూపిన చోట్లూ ఉన్నాయి. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే అనే డాక్టర్ దంపతులు మొదలుపెట్టిన కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తలు ఎక్కువమంది చదువురాని పల్లె స్త్రీలు, చాలామంది దళితులు. వాళ్లు వారం వారం జామ్‌ఖేడ్ చేరేవారు. కులం ఎంచకుండా ఒకచోట తిని, ఒకచోట పడుకుని, ఆ వారం ఊళ్లో ఎదురైన సంగతులు చెప్పుకునేవారు. పాఠం ఆ సంగతుల్లోంచే పుట్టేది. ఈ శిక్షణకు ముగింపు తేదీ లేదు. ఏళ్ల తరబడి సాగింది. ఐదు రోజుల ట్రైనింగ్, ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫొటోతో ముగించే మన అలవాటుకు ఇది పూర్తి విరుద్ధం. జామ్‌ఖేడ్ స్త్రీలు కుష్టు, క్షయ, కాన్పులు, ఆ తర్వాత షుగరు, బీపీ దాకా పని మార్చుకుంటూ వెళ్లగలిగారంటే కారణం అక్కడుంది.

గోవాలో సంగత్ సంస్థ పని ఇంకొక సంగతి చెబుతుంది. అక్కడ విక్రమ్ పటేల్ బృందం మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డిప్రెషన్ ఉన్నవాళ్లతో మాట్లాడే పని అప్పగించింది. ఆరు నుంచి ఎనిమిది విడతల సంభాషణ. ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. మామూలు చికిత్సకన్నా మెరుగని తేలింది. ఇక్కడ చెప్పుకోవలసినది పర్యవేక్షణ తీరు. కౌన్సెలర్లు తమ సంభాషణల రికార్డింగులు అందరూ కలిసి విని, ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ అవతలి మాటను తుంచేశారో ఒకరికొకరు మార్కులు వేసుకునేవారు. పైఅధికారి ముందు బయటపెట్టడానికి జంకే తప్పు తోటివాళ్ల మధ్య అయితే నేర్చుకునే వస్తువు. మన పీహెచ్‌సీ మీటింగుల్లో తప్పు బయటపడితే దాని పేరు మెమో.

ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ పథకం ఆశాలకు అక్కలాంటిది. అక్కడ సుమారు ఇరవై మందికి ఒక శిక్షకురాలు చొప్పున, ఊళ్లోకే వచ్చి పక్కన నడుస్తూ చూపించే ఏర్పాటు పెట్టారు. ఆ శిక్షకుల్లో చాలామంది ఒకప్పుడు తామే మితానిన్లు.

ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 42 వేల మంది, తెలంగాణలో సుమారు 27 వేల మంది ఆశాలున్నారు. ప్రతి నెలా పీహెచ్‌సీలో ‘ఆశా డే’ జరుగుతూనే ఉంది. అంటే కూర్చునే చోటు, తేదీ, మనుషులు సిద్ధంగా ఉన్నారు. మార్చవలసింది ఎజెండా. ఇప్పుడు మొదటి అంశం నివేదికలు, రెండోది పెండింగ్ ఎంట్రీలు, మూడోది కొత్త ఆజ్ఞలు. దాన్ని తిరగేసి మొదటి గంటను ఊళ్లో జనం అడిగిన ప్రశ్నలకు ఇవ్వవచ్చు. గర్భాశయముఖ క్యాన్సరు టీకా వేయిస్తే అమ్మాయికి పెళ్లయ్యాక ఇబ్బందా? షుగరు బిళ్ల జీవితాంతం వేసుకుంటే కిడ్నీ పోతుందా? పిల్లల్ని ఎక్కువ కనమంటున్నారు, మూడో కాన్పుకు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? మొదటి రెండింటికీ మెడికల్ ఆఫీసరు అక్కడే జవాబు చెప్పగలరు. మూడోదానికి ఆయన దగ్గర జవాబు ఉండదు. అది జిల్లాకు, అక్కడినుంచి రాజధానికి వెళ్లాలి. రాతపూర్వకంగా, కారణంతో సహా, తెలుగులో, తర్వాతి ఆశా డే లోపల తిరిగి రావాలి. వచ్చేదాకా ఆ విషయం మీద ఊళ్లో ప్రచారం చేయనని చెప్పే హక్కు కార్యకర్తకు ఉండాలి, చెప్పినందుకు మెమో రాకూడదు. ఆ గంటకు కూడా పని గంటగానే డబ్బు కట్టాలి. జిల్లా డెమోలు పోస్టర్లు పంచే పనినుంచి బయటపడాలంటే, ఆ ప్రశ్నలను కూర్చి, జవాబు రాబట్టి, వెనక్కి చేర్చే బాధ్యత వాళ్లకు ఇవ్వడం కన్నా సరైనది కనిపించదు.